పెడల్ నేలకి ఎందుకు దిగిపోయింది?

పిల్లలూ! ముందుగా మీకొక చిక్కు ప్రశ్న. ఒక కారు ఉంది. దాని బ్రేక్ ఆయిల్ డబ్బా నిండుగా ఉంది. కారు కింద పడుకుని టార్చిలైటు వేసి చూస్తే ఎక్కడా ఒక్క చుక్క కారడం లేదు. గొట్టాలు పొడిగా ఉన్నాయి. చక్రాల దగ్గర తడి లేదు. అయినా బ్రేకు పెడల్ మీద కాలు వేసి నొక్కి ఉంచితే, అది నిద్రకి తూగే పిల్లవాడి తలలాగ మెల్లగా కిందికి వాలిపోయి నేలని తాకుతుంది. మరి మీ కాలు పెట్టిన బలం ఎక్కడికి పోయినట్టు?

జవాబు వెంటనే చెప్పను. ఈ ప్రశ్న నా దగ్గరికి ఎలా వచ్చిందో ముందు చెబుతాను.

మా ఇంట్లో ఒక పాత అంబాసిడర్ కారు ఉంది. అది మా మామగారిది. ఆయన పోయాక అమ్మడానికి ఎవరికీ మనసొప్పలేదు. అంబాసిడర్ కార్లు పశ్చిమ బెంగాల్‌లో ఉత్తరపారా అనే చోట హిందుస్తాన్ మోటార్స్ వారి కర్మాగారంలో 1957 నుంచి తయారయ్యేవి. 2014లో తయారీ ఆగిపోయింది. అప్పటినుంచి దాని కొత్త విడిభాగాలు ఏటేటా అరుదవుతున్నాయి. కాబట్టి ఇలాంటి బళ్ళు ఉన్నవాళ్ళు చాలామంది పాత భాగాన్ని విప్పి, అరిగినవి మార్చి, మళ్ళీ కూర్చి అమ్మే సరుకు కొంటారు. దాన్ని బజారులో రీకండిషన్ సరుకు అంటారు.

నేనూ అలాగే పట్నంలో ఒక కొట్లో బ్రేకు మాస్టర్ సిలిండర్ ఒకటి కొన్నాను. నల్లరంగు వేసి, నిగనిగలాడుతూ, ప్లాస్టిక్ సంచిలో కొత్తదానిలాగే ఉంది. ధర కొత్తదాని ధరలో సగం కూడా లేదు. సైన్సు చెప్పే మాస్టారినై ఉండి, నేను చూసినవి ఆ మెరుపూ ఆ ధరా మాత్రమే. ఈ సంగతి ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మూడు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు సాయంత్రం గరివిడి వైపు నుంచి చీపురుపల్లి వస్తున్నాం. కారులో మా ఆవిడ, మా అక్కయ్య, ఆమె మనవలు ఇద్దరూ ఉన్నారు. వేగం గంటకి 40 కిలోమీటర్లు ఉంటుందేమో. మలుపు దాటగానే ఎదురుగా రోడ్డు నిండా మేకల మంద, వాటి వెనక చేతికర్రతో పదేళ్ళ కుర్రవాడు. బ్రేకు నొక్కాను. పెడల్ నేలకి దిగిపోయింది! కారు మాత్రం వెళ్తూనే ఉంది. కంగారులో మళ్ళీ మళ్ళీ టపటపా నొక్కాను. మూడోసారికో నాలుగోసారికో కొంచెం పట్టు దొరికింది. ఈలోగా చేతిబ్రేకు లాగాను. కారు ఒక పక్కకి ఈడ్చుకుంటూ వెళ్ళి, ఆఖరి మేకకి మూరెడు దూరంలో ఆగింది. ఆ కుర్రవాడు కారుకేసి ఒకసారి చూసి, ఏమీ జరగనట్టు మేకల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు. నా కాళ్ళు వణకడం మానడానికి మాత్రం పది నిమిషాలు పట్టింది.

మా ఊళ్ళో ఒక ముసలి మెకానిక్ ఉన్నారు. కుర్రతనంలో గనుల నుంచి మాంగనీసు రాయి తోలే లారీల మీద క్లీనరుగా చేరి, అక్కడే పని నేర్చుకున్నారు. నేను బాబాయ్ అని పిలుస్తాను. కారుని నెమ్మదిగా నడిపించుకుంటూ ఆయన దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన ఏమీ విప్పలేదు. సీట్లో కూర్చుని పెడల్ మీద కాలు పెట్టి, పసిపాపని జోకొట్టినంత మెత్తగా నొక్కి పట్టుకున్నారు. పెడల్ మెల్లగా దిగడం మొదలెట్టింది.

“చూసినారా మేష్టారూ, గట్టిగా నొక్కితే దొరకదు దొంగ. మెల్లగా నొక్కితేనే దొరుకుతాది,” అన్నారు.

“ఎక్కడా కారడం లేదు కదా బాబాయ్?”

“బయటికి కారితే మీరే చూసుకుందురు. లోపలే కారతంది.”

ఇదే మన చిక్కు ప్రశ్నకి జవాబు. అయితే లోపల కారడం అంటే ఏమిటి? అది తెలియాలంటే మాస్టర్ సిలిండర్ పని ఏమిటో తెలియాలి.

కాలి బలం చక్రం దాకా

మూతి మూసిన ద్రవం మీద ఒకచోట పీడనం కలిగిస్తే, ఆ పీడనం ద్రవమంతటా అన్ని దిక్కులకీ సమానంగా వ్యాపిస్తుంది. ఈ నియమాన్ని కనుగొన్నవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్. ఆయన 1623లో పుట్టి, 39 ఏళ్ళకే చనిపోయాడు. 1795లో ఇంగ్లండులో జోసఫ్ బ్రామా ఈ నియమంతోనే నీటి ప్రెస్సును తయారుచేశాడు. దాన్ని కారు బ్రేకుకి వాడదామని మొదట ఆలోచించినవారిలో అమెరికావాడైన మాల్కమ్ లాక్‌హీడ్ ముఖ్యుడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కంపెనీ కారుకి నాలుగు చక్రాలకీ ఇలాంటి బ్రేకులు వచ్చాయి. లాక్‌హీడ్ అంటే విమానాల పేరు కదా అంటారేమో. నిజమే, ఆయనా ఆయన తమ్ముడూ కలిసి విమానాలు కూడా కట్టారు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. మీరు పెడల్‌ని 20 కిలోల బరువుతో నొక్కారనుకోండి. పెడల్ ఒక మీటకడ్డీ. అది మీ బలాన్ని అయిదు రెట్లు చేస్తుందనుకుంటే, మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ మీద, అంటే మీ పాఠంలో ముషలకం అని ఉండే దాని మీద, 100 కిలోల బలం పడుతుంది. పిస్టన్ వ్యాసం సుమారు 2.2 సెంటీమీటర్లు. దాని వైశాల్యం లెక్క కట్టండి: 3.14 × 1.1 × 1.1, అంటే 3.8 చదరపు సెంటీమీటర్లు. 100ని 3.8తో భాగిస్తే పీడనం చదరపు సెంటీమీటరుకి 26 కిలోలు వస్తుంది. కారు టైరులో ఉండే గాలి పీడనం సుమారు 2 కిలోలే. అంటే దానికి 13 రెట్లు! ఈ పీడనం సన్నని గొట్టాల గుండా వెళ్ళి, ప్రతి చక్రం దగ్గరా ఉన్న చిన్న సిలిండర్లలోని పిస్టన్లని బయటికి తోస్తుంది. ఒక్కొక్క పిస్టన్ వైశాల్యం 5 చదరపు సెంటీమీటర్లయితే దాని మీద 130 కిలోల బలం పడుతుంది. అది బ్రేకు షూని, అంటే అర్ధచంద్రాకారపు ఇనుప బద్దని, తిరుగుతున్న డ్రమ్ము లోపలి గోడకేసి నొక్కుతుంది. ఘర్షణ పుట్టి చక్రం ఆగుతుంది.

ఇక్కడే అసలు కీలకం ఉంది. షూ కదిలే దూరం అర మిల్లీమీటరు లోపే. ఎనిమిది షూలకీ కలిపి కదలవలసిన ద్రవం ఎంత? 5 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం, 0.05 సెంటీమీటరు దూరం, ఎనిమిది షూలు: గుణిస్తే 2 ఘన సెంటీమీటర్లు! అర టీచెంచా కన్నా తక్కువ. నలుగురైదుగురు మనుషుల ప్రాణం ఆధారపడినది ఆ అర చెంచా ద్రవం మీద. అందులో కొంచెం దారి తప్పినా పెడల్ దిగిపోతుంది.

పిస్టన్ ముందు ఒక రబ్బరు కప్పు ఉంటుంది. దాని అంచు పెదవిలాగ పలచగా, కొంచెం విచ్చుకుని ఉంటుంది. పీడనం పెరిగినకొద్దీ ద్రవమే ఆ పెదవిని సిలిండర్ గోడకి అదిమి పెడుతుంది. తలుపుని తోసే గాలే తలుపుని ఇంకా బిగించినట్టన్నమాట. కాని మెల్లగా నొక్కినప్పుడు పీడనం తక్కువ, పెదవి పట్టు కూడా తక్కువ. గోడ మీద గుంట ఉంటే ద్రవం ఆ గుంటలోంచి పెదవి కిందుగా దూరి వెనక్కి వెళ్ళి, మళ్ళీ పై డబ్బాలోకే చేరుతుంది. అందుకే బయట చుక్క కనబడలేదు, డబ్బా నిండుగానే ఉంది. బాబాయ్ మెత్తగా నొక్కడంలోని రహస్యమూ ఇదే. నేను కంగారులో టపటపా నొక్కినప్పుడు కొంచెం పట్టు దొరికింది. ఎందుకంటే, గుంటలోంచి జారడానికి ద్రవానికి అంత వ్యవధి దొరకలేదు.

ఇదంతా మీరు బల్ల మీద చూడవచ్చు. సూదులు లేని రెండు ఇంజక్షను సిరంజిలు, ఒక సెలైను గొట్టం ముక్క తీసుకోండి. వాడినవి వద్దు, మందుల కొట్లో కొత్తవి కొనండి. రెండిటినీ నీటితో నింపి గొట్టంతో కలపండి. ఒకటి నొక్కితే రెండోది వెంటనే లేస్తుంది. ఇప్పుడు గొట్టంలోకి ఒక గాలిబుడగని రానిచ్చి మళ్ళీ నొక్కి చూడండి. వేలికి మెత్తగా తగులుతుంది, రెండోది ఆలస్యంగా కదులుతుంది. బాయిల్ నియమం గుర్తుందా? 26 కిలోల పీడనం దగ్గర 1 ఘన సెంటీమీటరు గాలి దాదాపు 26వ వంతుకి నలిగిపోతుంది. మీరు నొక్కిన నొక్కంతా గాలిని నలపడానికే సరి! బ్రేకు పని చేశాక మెకానిక్కులు ఒకరు పెడల్ నొక్కుతుంటే ఇంకొకరు చక్రం దగ్గర చిన్న మర విప్పి గాలి తీయడం మీరు చూసే ఉంటారు.

పాత ఇత్తడి, కొత్త చెంబు

బాబాయ్ సిలిండర్ విప్పి, పిస్టన్ తీసి, గుడ్డతో తుడిచి నా చేతికిచ్చారు. “చిటికెనేలు పెట్టి చూడండి.” లోపల నున్నగానే ఉంది. ఇంకొంచెం లోపల, అడుగువైపు, గోరుకి ఏదో తగిలింది. టార్చి వేసి చూశాను. ఆవగింజంత నల్లచుక్కలు నాలుగైదు కనబడ్డాయి. అవి తుప్పు తిన్న గుంటలు.

ఆ గుంటలు నేను కొనకముందువే. ఎలా వచ్చాయంటే, బ్రేక్ ఆయిల్‌కి గాలిలోని చెమ్మని పీల్చుకునే గుణం ఉంది. ఆ కారు ఏదో గాని, చాలాకాలం కదలకుండా పడి ఉంటుంది. చెమ్మ అడుగుకి చేరి, పోత ఇనుముని తినేసింది. బాగుచేసినవాడు ఎమరీ కాగితంతో రుద్ది తుప్పు పైపైన పోగొట్టాడు. గుంట మాత్రం అలాగే ఉంది. కొత్త రబ్బరు కప్పు వేసి, బయట నల్లరంగు కొట్టాడు. కొత్త కప్పు పెదవి మెత్తగా ఉన్నన్నాళ్ళూ గుంటలని కప్పి పెట్టింది. మూడు నెలల్లో ఆ గుంటల అంచులే పెదవిని చెక్కేశాయి.

అయితే బాగుచేసిన సరుకంతా చెడ్డదేనా? కాదు. శ్రీకాకుళం జిల్లాలో బుడితి అనే ఊరు ఇత్తడి, కంచు పనికి పేరుపడింది. పగిలిన పాత ఇత్తడి సామాను కంచరివారికి ఇస్తే వారు దాన్ని కరిగించి కొత్త చెంబు చేస్తారు, మజూరీ ఇస్తే చాలు. లోహానికి వయసు లేదు. బ్రేకు భాగాల బజారులో కూడా పాత భాగం ఇస్తే ధర తగ్గిస్తారు, ఎందుకంటే అందులోని పోత దిమ్మ విలువైనది. తేడా అల్లా, చెంబుని పూర్తిగా కరిగిస్తారు, సిలిండర్‌ని కరిగించరు. అందువల్ల దాని పాత దెబ్బలు దానితోనే ఉంటాయి. సరిగ్గా బాగుచేసేవాడు గుంటలు పడ్డ రంధ్రాన్ని లేతు మీద పెద్దదిగా తొలిచి, లోపల ఇత్తడి గొట్టం గాని, తుప్పు పట్టని ఉక్కు గొట్టం గాని బిగించి, మళ్ళీ అసలు కొలతకి నున్నగా చేస్తాడు. దాన్ని స్లీవు వెయ్యడం అంటారు. ఆ పని బాగా చేస్తే తుప్పు విషయంలో అది కొత్తదానికన్నా మేలు.

కాబట్టి రంగు చూడకూడదు. ఏది మార్చారు, ఏది అలాగే ఉంచారు, ఉంచినదాని కొలత ఎంత అని అడగాలి.

ఆటోనగర్‌లో వెర్నియర్

తరువాతి ఆదివారం బాబాయినీ, పాత సిలిండర్‌నీ, పాత బ్రేకు షూలనీ, వెనక చక్రాల డ్రమ్ములు రెండిటినీ వెంటబెట్టుకుని రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాను. గాజువాక దగ్గర ఆటోనగర్ ఉంది. వీధుల నిండా లేతులు, వెల్డింగ్ మెరుపులు, నూనె వాసన. నా సంచిలో మా బడి ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్స్ కూడా ఉంది. హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని, రిజిస్టరులో సంతకం పెట్టే తెచ్చానులెండి.

ఒక కొట్లో నాలుగు మాస్టర్ సిలిండర్లు ముందు పెట్టారు. నేను వెర్నియర్ తీసేసరికి కొట్టాయన నవ్వారు. “మేష్టారూ, సరుకు కొనడానికొచ్చారా, సరుక్కి పరీక్ష పెట్టడానికొచ్చారా?” రెండింటికీ అన్నాను. ముందు శూన్యదోషం చూసుకున్నాను. పరీక్షలో మీరు మరచిపోయేది ఇదే. తరువాత పై దవడలని రంధ్రం నోట్లో పెట్టి ఒక్కొక్కటి కొలిచాను. రావలసినది 22.2 మిల్లీమీటర్లు. మొదటిది 22.2. రెండోది 22.5. అంటే తుప్పు పోయేదాకా రుద్ది రుద్ది వెడల్పు చేసేశారు. కప్పు ఆ వెడల్పుకి చేసినది కాదు. దాన్ని పక్కన పెట్టాం. మూడోది 22.2 ఉంది గాని, వెర్నియర్ దవడలు పొట్టివి కదా, లోపలికి వెళ్ళవు. అక్కడ బాబాయ్ చిటికెన వేలు పనికొచ్చింది. కళ్ళు మూసుకుని వేలు లోపల తిప్పి, “ఇది కూడా మీ పాతదానికి తమ్ముడే,” అని తీసి పెట్టేశారు. టార్చి వేసి చూస్తే గుంట ఉంది. నాలుగోదాని నోటి దగ్గర పసుపుపచ్చని ఉంగరంలాగ ఇత్తడి స్లీవు కనబడింది. కొలత సరిగ్గా ఉంది. వేలికి ఏమీ తగల్లేదు. అది తీసుకున్నాం. దాని ధర మొదటివాటికన్నా బాగా ఎక్కువ. మొదటిది మంచిదేమో గదా, చవగ్గా వస్తుంది కదా అని నా మనసు ఒకసారి అటు లాగిన మాట నిజం. మేకల వెనక నడిచే కుర్రవాడు గుర్తొచ్చి ఊరుకున్నాను.

తరువాత షూలు. మన పాత ఇనుప బద్దలే ఇచ్చి, వాటికి కొత్త లైనింగు వేయించుకోవచ్చు. కొందరు జిగురుతో అతికి వేడిచేసి బిగిస్తారు, కొందరు రివెట్లు కొడతారు. రివెట్లు కొట్టినదాంట్లో ఒక చిన్న మోసానికి తావుంది. లైనింగు 5 మిల్లీమీటర్ల మందం ఉన్నా, రివెట్ తల 3 మిల్లీమీటర్ల లోతులో ఉంటే, మనం వాడుకోగలిగినది ఆ 3 మాత్రమే. అది అరిగితే రివెట్ తలే డ్రమ్ముని గీకుతుంది. వెర్నియర్ తోకలో లోతు కొలిచే కడ్డీ ఉంటుంది చూడండి, దాని ఉపయోగం నాకు ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో బడి బయట తెలిసినది అప్పుడే. ఇంకొక పరీక్ష సుద్దముక్కతో చేస్తారు. డ్రమ్ము లోపల సుద్ద రాసి, షూని ఆనించి కదిపితే, లైనింగు మీద సుద్ద ఎక్కడ అంటిందో ఆ మేరకే అది డ్రమ్ముని తాకుతోందన్నమాట. మా వాటిలో ఒకదానికి నడుమ మాత్రమే అంటింది. కొనలు కూడా అంటేలా మళ్ళీ రుద్దించుకున్నాం.

ఒక్క భాగం మాత్రం ఎంత చవకైనా పాతది కొనకూడదు. అది రబ్బరు హోసు గొట్టం. అది లోపల్నుంచి ఉబ్బి దారి మూసుకుపోతుంది. బయటినుంచి చూసి కనుక్కునే ఉపాయం లేదు.

చక్రంలో మన నేల

డ్రమ్ము సంగతికి వస్తే, దానితో మాకు చుట్టరికం ఉంది. డ్రమ్ము పోత ఇనుముతో చేస్తారు. ఇనుములో ఉండే గంధకం దాన్ని పెళుసుబారేలా చేస్తుంది. కొద్దిపాటి మాంగనీసు కలిపితే అది గంధకాన్ని పట్టుకుని ఆ చెడుగుణాన్ని అణచివేస్తుంది. మన దేశంలో మాంగనీసు గనుల తవ్వకం మొదలైనది 1890ల మొదట్లో, మా చీపురుపల్లికి దగ్గరలోని కోడూరులోనే. గర్భాం గనులు కూడా ఈ చుట్టుపక్కలవే. కాబట్టి ఏ కారు చక్రంలో మా ఊరి మన్ను తిరుగుతోందో ఎవరు చెప్పగలరు?

డ్రమ్ము చేసే పని ఏమిటో చూడండి. మనుషులతో కలిపి 1500 కిలోల కారు గంటకి 60 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకి 16.7 మీటర్ల వేగంతో పోతోంది. దాని గతిజశక్తి ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వస్తుంది: సుమారు 2,08,000 జౌళ్ళు. ఆ శక్తితో ఒక లీటరు నీళ్ళని 30 డిగ్రీల నుంచి దాదాపు 80 డిగ్రీల దాకా కాచవచ్చు. స్టవ్వు మీదైతే కొన్ని నిమిషాలు పట్టే ఆ వేడిని బ్రేకు మూడు నాలుగు సెకన్లలో పుట్టిస్తుంది. అది ఎక్కడికి పోవాలి? చాలావరకు డ్రమ్ములలోకే. నాలుగు డ్రమ్ములూ కలిసి 20 కిలోలనుకోండి. పోత ఇనుము విశిష్టోష్ణం కిలోకి సుమారు 460 జౌళ్ళు. ఒక్కసారి ఆపితే డ్రమ్ముల ఉష్ణోగ్రత 22, 23 డిగ్రీలు పెరుగుతుంది. చెక్కి చెక్కి బరువు 16 కిలోలకి తగ్గిన డ్రమ్ములైతే 28 డిగ్రీలు. చల్లారే వ్యవధి లేకుండా పదిసార్లు ఆపవలసి వస్తే ఆ తేడా ఎంతవుతుందో మీరే గుణించుకోండి.

వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచిస్తుంది. 9 అంగుళాల డ్రమ్ము 200 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం సుమారు అర మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే షూ నుంచి దూరంగా జరుగుతుంది. పలచని డ్రమ్ము అయితే నొక్కినప్పుడు సాగుతుంది, పగులుతుంది కూడా. అందుకని అరిగి గాళ్ళు పడ్డ డ్రమ్ముని లేతు మీద నున్నగా చెక్కించవచ్చు గాని, దానికి ఒక హద్దు ఉంది. ఇలాంటి డ్రమ్ములకి మామూలుగా వ్యాసంలో ఒకటిన్నర మిల్లీమీటరు. మా బడి వెర్నియర్ 9 అంగుళాలు కొలవలేదు. పక్క లేతు షెడ్డులోని పెద్ద కాలిపరుతో కొలిపించాం. అసలు కొలత 228.6 మిల్లీమీటర్లు. ఒక డ్రమ్ము 229.2 ఉంది, ఇంకా పనికొస్తుంది. రెండోది 230.6. హద్దు దాటిపోయింది.

“ఇంకో కోత పడుతుందండీ, బ్రహ్మాండంగా పడుతుంది,” అన్నాడు లేతు కుర్రవాడు.

“కోత పడతాది నాయనా, కారే ఆగదు,” అన్నారు బాబాయ్.

దాన్ని తుక్కులో వేసి, హద్దులో ఉన్న ఇంకో పాత డ్రమ్ము కొని, ఎడమ కుడి రెండూ ఒకే కొలతకి చెక్కించాం. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పట్టుకుంటే కారు ఒక పక్కకి లాగేస్తుంది. షూలు, చక్రపు సిలిండర్లు కూడా అందుకే జతగా మార్చాలి.

ఘాటు రోడ్డు దిగేటప్పుడు ఈ లెక్క ఇంకా భయంకరంగా ఉంటుంది. అదే కారు అనంతగిరి ఘాటులో 800 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. స్థితిజశక్తి 1500 × 9.8 × 800, అంటే 1 కోటి 17 లక్షల జౌళ్ళ పైచిలుకు. 60 కిలోమీటర్ల వేగం నుంచి 56 సార్లు ఆపినంత! ఈ వేడినంతా బ్రేకుల మీదికి తోస్తే అవి తట్టుకోలేవు. అందుకే డ్రైవర్లు దిగేటప్పుడు తక్కువ గేరు వేసి, ఆ పని కొంత ఇంజను చేత చేయిస్తారు.

నూనె కాని నూనె

బ్రేక్ ఆయిల్ పేరుకే ఆయిల్. మామూలుగా కార్లలో వాడేది గ్లైకాల్ జాతికి చెందిన రసాయనం. నీళ్ళతో కలుస్తుంది. ఇంజను నూనె, కిరోసిన్, డీజిలు పెట్రోలియం నుంచి వచ్చినవి. ఇవి బ్రేకు కప్పు రబ్బరుకి శత్రువులు. అవి తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. బాగుచేసేవాడు కొత్త కప్పుల్ని కిరోసిన్‌లో కడిగి బిగించినా, నూనె తగ్గిందని ఎవరైనా ఇంజను నూనె పోసినా, మొత్తం పని పాడైపోతుంది. దీనికొక ప్రయోగం చేయండి. ఒకే బెలూను నుంచి ఒకే కొలతలో మూడు బద్దలు కత్తిరించండి. ఒకటి నీళ్ళలో, ఒకటి ఆముదంలో, ఒకటి కుట్టుమిషను నూనెలో వేసి రెండు రోజులు ఉంచి, తుడిచి స్కేలుతో కొలవండి. మిషను నూనెలోది ఎంత సాగిందో, ఆముదంలోది ఎంత సాగిందో రాసుకోండి. తొలినాళ్ళలో బ్రేకు ద్రవాన్ని ఆముదంలో ఆల్కహాలు కలిపి తయారుచేసేవారు. ఎందుకు ఆముదమే ఎంచుకున్నారో మీ స్కేలే చెబుతుంది.

డాట్ 3 రకం బ్రేకు ద్రవం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. చెమ్మ పీల్చుకున్నాక దాని మరుగుస్థానం 140 దాకా పడిపోవచ్చు. మన కోస్తా గాలిలో చెమ్మకి కొదవా? వేడెక్కిన చక్రం దగ్గర అది మరిగితే ఆవిరి బుడగ పుడుతుంది. బుడగ ఏం చేస్తుందో సిరంజిలో చూశారు కదా. అందుకే మంచి మెకానిక్కులు రెండేళ్ళకొకసారి పాత ద్రవం తీసేసి, మూత తీయని కొత్త డబ్బాలోది పోస్తారు.

ఇంకొక మాట, ఇది మీలో మెకానిక్ షెడ్డుల దగ్గర ఆడుకునేవారికి. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తవ్వినది ఆ ఖనిజమే. వేడికి కాలదని లైనింగులలో వాడారు. కాని దాని నార కంటికి కనబడనంత సన్నగా విడిపోయి, ఊపిరితిత్తుల్లో చేరి, ఏళ్ళ తరువాత క్యాన్సరు కలిగిస్తుంది. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ పనివారి ఆరోగ్యం గురించి ప్రత్యేకంగా ఆదేశాలు ఇచ్చింది. డ్రమ్ము విప్పినప్పుడు రాలే బూడిదరంగు పొడిని నోటితో గాని, గాలి పైపుతో గాని ఊదకూడదు. తడిగుడ్డతో తుడవాలి. ఆటోనగర్‌లో నేను కొన్న లైనింగు ఆస్బెస్టాస్ లేనిదని డబ్బా మీద అచ్చు వేసి ఉంది. బాబాయ్ మాత్రం నలభై ఏళ్ళు ఆ పొడి ఊదారు. ఇప్పుడు ఆయన దగ్గినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

అన్నీ బిగించి, గాలి తీసి, మా పెరట్లోనే పరీక్ష పెట్టాం. పెడల్ మీద కాలు పెట్టి, మెత్తగా నొక్కి, ఒకటి నుంచి అరవై దాకా లెక్కపెట్టాను. కదల్లేదు. బాబాయ్ ఇంకోసారి లెక్కపెట్టమన్నారు, మెల్లగా. రెండోసారీ కదల్లేదు. అప్పుడే కారుని రోడ్డు మీదికి తీయనిచ్చారు.

ఆ నిగనిగలాడే నల్ల సిలిండర్‌ని లేతు షెడ్డులో నిలువునా రెండు చెక్కలుగా కోయించి మా ప్రయోగశాల బీరువాలో పెట్టాను. పాస్కల్ నియమం చెప్పేరోజున దాన్ని బయటికి తీస్తాను. పిల్లలు కళ్ళు మూసుకుని గోటితో గుంటలు వెదకాలి. మొత్తం ఏడు ఉన్నాయి. ఇంతవరకు ఏడింటినీ పట్టుకున్నది ఒక్క అమ్మాయే. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు.